డెలాగ్రాంజా, ఫార్మనా?

తొలి విమానాలనగానే అందరూ రైట్ సోదరుల దగ్గరే ఆగిపోతారు గానీ, నాకు మాత్రం పారిస్‌లో కళ చదువుకుని గాల్లోకి ఎగిరిన ఈ ఇద్దరి మీదే ఆసక్తి. లియాన్ డెలాగ్రాంజ్ శిల్పి. హెన్రీ ఫార్మన్ పెయింటింగ్ నేర్చుకుని, సైకిల్ పందేల్లోనూ కారు రేసుల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. 1907లో ఇద్దరూ వోయిజాన్ సోదరుల దగ్గరే ఇంచుమించు ఒకేలాంటి విమానాలు కొన్నారు.

తేడా అక్కడి నుంచే. ఆ విమానానికి పక్కకు వంగే ఏర్పాటే లేదు, తోక చుక్కానితో మెల్లగా నెట్టుకుంటూ తిప్పాలి, ఏమాత్రం తేడా వచ్చినా రెక్క నేలకు తగులుతుంది. అలాంటిదాన్ని ఫార్మన్ మార్పులు చేస్తూ, విసుగు లేకుండా సాధన చేసి, 1908 జనవరి 13న ఒక కిలోమీటరు చుట్టి బయలుదేరిన చోటికే తెచ్చాడు. పట్టింది నిమిషంన్నర లోపే, బహుమతి మాత్రం 50,000 ఫ్రాంకులు! తర్వాత సొంతంగా విమానాలే తయారుచేశాడు.

డెలాగ్రాంజ్‌ది వేరే దారి. ఇటలీ వెళ్లి ఊరూరా ఎగిరి చూపించాడు, టూరిన్‌లో మరో శిల్పి తెరెజ్ పెల్తియేని వెంట ఎక్కించుకున్నాడు. 1910 జనవరిలో, ఇంకా ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్ బిగించిన బ్లేరియో విమానం రెక్క విరిగి చనిపోయాడు. ఫార్మన్ 1958 దాకా బతికాడు.

పనితనమంటే ఫార్మన్‌దే, ఒప్పుకుంటా. కానీ కథ చెప్పమంటే నేను డెలాగ్రాంజ్‌తోనే మొదలుపెడతా.