వెల్లుల్లి వేసిన చిల్లీ ఆయిల్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కూకట్‌పల్లిలో మా వీధిలోనే ఇంట్లో చేసి అమ్మే ఒకావిడ దగ్గర పోయిన నెల చిల్లీ ఆయిల్ సీసా కొన్నాను. అడుగున పండుమిర్చి ముక్కలు, వలిచిన వెల్లుల్లి రెబ్బలు, పైన నిండుగా నూనె. చూడ్డానికే నోరూరింది. "ఫ్రిజ్ అక్కర్లేదండీ, బయటే ఆరు నెలలుంటుంది" అంటే నమ్మి స్టవ్ పక్కనే పెట్టాను. సీసా మీద తయారు చేసిన తేదీ లేదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరూ లేదు. అప్పుడే చూసుకోవాల్సింది.

మూడో వారం మూత తిప్పితే ఉస్సుమంది. రెబ్బలకు సన్నటి బుడగలు అంటుకుని ఉన్నాయి. వాసన మాత్రం కమ్మగానే ఉంది. ముందు రోజు రాత్రే మా చిన్నాడు దోశ మీద వేసుకుని తిన్నాడు! పాడైన తిండిలోని విషంతో నరాలు దెబ్బతినే బొటులిజం జబ్బేమో అని భయపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. చూపు మసకబారినా, రెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా, మింగలేకపోయినా క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు. ఈ లక్షణాలు సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో బయటపడతాయి, ఒక్కోసారి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ వాడి కళ్లలోకి చూస్తూనే గడిపాను. దేవుడి దయ, ఏమీ కాలేదు.

ఆవిణ్ని అడిగితే "ఆవకాయ ఏడాదంతా బయట ఉండట్లేదా?" అంది. అదే సరుకు ఇంకా అమ్ముతోంది, అందుకే రాస్తున్నాను. ఆవకాయను కాపాడేది ఒక్క నూనె కాదండీ, ఉప్పూ మామిడికాయ పులుపూ. ఈ సీసాలో ఆ రెండూ లేవు. వెల్లుల్లి నేలలో పండేది కాబట్టి మట్టిలో ఉండే బొటులినమ్ బ్యాక్టీరియా బీజాలు దాంతో పాటే వస్తాయి. గాలి తగలని చోటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. నూనెలో మునిగిన రెబ్బకు గాలి ఎక్కడిది? నూనె మరిగించాం కదా అనుకోవద్దు. రెబ్బలో తడి ఉన్నంతసేపూ లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, బీజాలు చావాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, బయట పెట్టిన వెల్లుల్లి నూనె వల్ల ఒకే రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బొటులిజం వచ్చింది.

ఇంట్లో చేసుకోవాలంటే పచ్చివి మానేసి, గలగలలాడే ఎండుమిర్చే వాడండి. సీసాలో, గరిటెలో చుక్క తడి ఉండకూడదు. కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వెల్లుల్లి లేకపోతే కుదరదంటే ఆ పూటకు సరిపడా చేసుకోండి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి.

ఇలాంటి సీసా మీ ఇంట్లో ఇప్పటికే బయట ఉంటే నాలుకకు రాసుకుని కూడా చూడొద్దు. మూత తీయకుండా రెండు కవర్లలో కట్టి చెత్తలో వేయండి, సింకులో పోయకండి.