ఏళ్ల తరబడి బాక్లోఫెన్: కాళ్ల బిగుతు ఎంత తగ్గితే మంచిది?

ముందే చెప్పేస్తాను, ఈ మాత్ర నడక తెప్పించదు. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఆ ఆశతోనే దీన్ని మింగిస్తారు, నెల తిరక్కుండానే నిరాశపడతారు. బాక్లోఫెన్ పని బిగుతు తగ్గించడం. ఆ పని బాగానే చేస్తుంది, ఒక్కోసారి మనకు కావలసినదానికంటే ఎక్కువ చేస్తుంది. నా ఫిర్యాదు, నా మెప్పు రెండూ అక్కడే ఉన్నాయి.

నాకు దెబ్బ తగిలింది ఛాతీ భాగంలోని పదో వెన్నుపూస దగ్గర. గాయం అసంపూర్ణమని, అంటే కొన్ని సంకేతాలు ఇంకా గాయం దాటి పోతున్నాయని, తేలింది మలద్వారం దగ్గర కొంత స్పర్శ మిగిలినందువల్ల. చెప్పుకోవడానికి అందరూ సిగ్గుపడే ఆ పరీక్షే అసలు పరీక్ష. తొలి వారాల్లో కాళ్లు పూర్తిగా వదులుగా పడి ఉండేవి. వెన్నుపాము ఆ షాక్ నుంచి తేరుకున్నాక, ఒక రాత్రి దుప్పటి కింద మోకాలు దానంతట అదే పైకి లేచింది. అమ్మ వెంటనే వెంకన్నకు ముడుపు కట్టింది. మర్నాడు ఫిజియోథెరపిస్టు, "ఇప్పుడు మీరే కదిలించండి" అంటే కాలు ఉలకలేదు, పలకలేదు. మెదడు నుంచి రావలసిన అదుపు గాయం దగ్గరే ఆగిపోతే, దాని కింది వెన్నుపాము చిన్న స్పర్శకు కూడా కండరాలను బిగించేస్తుంది. కదలిక తిరిగి రావడం వేరు, ఇది వేరు. ఈ తేడా బంధువులకు ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

అందని ఆ అదుపును కొంతవరకు ఈ మందు అందిస్తుంది. నరాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిచేసే చోటే వెన్నుపాములో ఇదీ పనిచేస్తుంది. దీన్ని 1962లో సీబా కంపెనీలో తయారు చేసింది మూర్ఛ కోసం. మూర్ఛకు అంతగా పనికిరాలేదు, బిగుతుకు పనికొచ్చింది. విచిత్రమేమిటంటే, ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలే రావచ్చు. తీవ్ర జ్వరం, భ్రమలు, ముందుకంటే ఘోరమైన బిగుతు కూడా రావచ్చు. అందుకే పండగ సెలవులకు ముందే మా ఇంట్లో బియ్యంతోపాటు ఈ మాత్రల లెక్కా చూస్తారు.

సాధారణంగా 5 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రోజుకు 80 దాటనివ్వడం అరుదు. నా మోతాదు ఇక్కడ రాయను, చూసి ఎవరైనా వేసుకుంటారని భయం. మొదట్లో మధ్యాహ్నం మాత్ర పడిందంటే చేతిలో పేపరు ఉండగానే నిద్ర ముంచుకొచ్చేది. అది క్రమంగా తగ్గింది. మలబద్ధకం మాత్రం వదల్లేదు.

అసలు సంగతి మోతాదు బాగా పెంచాక తెలిసింది. డాక్టరు గారు మంచం మీద నా మోకాలు వంచి, చాచి, కండరాల బిగుతును కొలిచే మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు మీద బిగుతు మూడు నుంచి ఒకటి ప్లస్‌కు దిగిందని రాశారు. కాగితం మీద నేను బాగుపడ్డాను. ఇంట్లో మంచం దిగబోతే మోకాళ్లు మడతపడ్డాయి. ఆ రోజు దాకా నేను మంచం అంచుకు జరిగి, రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించేవాడిని. ఆ ఒత్తిడికి తొడలు బిగుసుకుని మోకాళ్లు నిటారుగా నిలబడేవి. అవి వదిలేలోపు, రెండు మూడు ఊపిరుల వ్యవధిలో, నడుము తిప్పి వీల్‌చైర్‌లోకి చేరేవాడిని. ఇప్పుడు ఆ బిగుతు లేదు, తమ్ముడు వచ్చి చంకల కింద చేతులు వేసి దించాలి. "అన్నయ్యా, మాత్ర నీకు పనిచేస్తోందా, నాకు పని చెబుతోందా?" అన్నాడు వాడు. మోతాదు కొంత తగ్గించి, పొద్దున మాత్రను మంచం దిగాక వేసుకునేట్టు మార్చారు. ఈ మందు ప్రభావం కొద్ది గంటలే కాబట్టి ఎప్పుడు వేసుకుంటున్నామన్నది ఎంత వేసుకుంటున్నామన్నంత ముఖ్యం.

బిగుతును పూర్తిగా నొక్కేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. నడుము కింద నాకు నొప్పి సరిగా తెలియదు, కాళ్లే చెబుతాయి. మూత్రాశయం నిండినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, విరేచనం కాకపోయినా కొట్టుకుంటాయి. ఒకసారి కాళ్లు రెండూ కత్తెరలా మెలిపడి ప్యాంటు తొడగనివ్వలేదు. మాత్ర పెంచమని అందరూ సలహా ఇచ్చారు. డ్రెస్సింగు చేసే నర్సు సాక్సు విప్పి చూస్తే బొటనవేలి గోరు చర్మంలోకి దిగి ఎర్రగా వాచి ఉంది. గోరు తీసేశాక కాళ్లు శాంతించాయి. బిగుతు హఠాత్తుగా పెరిగితే ముందు కారణం వెతకాలి, మాత్ర సంగతి తర్వాత.

బిగుతుకు వాడే మిగతా మందుల గురించి క్లుప్తంగా. టిజానిడిన్ నాకు పడలేదు. బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి, నోరు ఎండిపోయేది, కాలేయ పరీక్షలు వేరే. బొటాక్స్ ఒకటి రెండు కండరాలకైతే మంచిదే, సుమారు మూడు నెలలు పనిచేస్తుంది. కాలంతా బిగిసే నాలాంటివాడికి ఎన్ని సూదులని పొడుస్తారు? ఇదే బాక్లోఫెన్‌ను పంపు ద్వారా నేరుగా వెన్నులోని ద్రవంలోకి పంపే పద్ధతి 1984 నుంచి ఉంది. మోతాదు మైక్రోగ్రాముల్లో సరిపోతుంది, మత్తు తక్కువ. కానీ పొట్ట చర్మం కింద పంపు పెట్టాలి, కొన్ని నెలలకోసారి మందు నింపించుకోవాలి, దానికి పట్నం పోవాలి. మాత్రలతో సర్దుకుపోయేవాడికి అంత అవసరం లేదు.

రోజూ కండరాలు సాగదీయించుకోవడం మానలేదు. కొన్ని నెలల పాటు సాగదీసినా కీళ్ల కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాదని ఎన్నో వైద్య పరిశోధనలను కలిపి చూసిన 2017 కాక్రేన్ సమీక్ష తేల్చిందని నాకు తెలుసు. పొద్దున కాళ్లు సాగదీస్తే బట్టలు తొడగడం సులువవుతుంది. నాకు ఆ పూటకు అది చాలు.

ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మూత్రం ఇబ్బందులు మనకు కొత్త కాదు కనుక మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష వాయిదా వేయకూడదు. కొనేటప్పుడు స్ట్రిప్పు మీద అంకె చదవండి, నేను కొనే కంపెనీ 10, 25 రెండింటికీ ఒకే రంగు వేస్తుంది.

ఇక కదలిక. కుడి బొటనవేలు ఇప్పుడు చెప్పినట్టు వింటుంది, తొడ కొంచెం లేస్తుంది. మోతాదు తక్కువైతే కుదుపుల మధ్య నా కదలిక ఏదో తెలియదు, ఎక్కువైతే ఆ కొద్ది బలమూ మత్తులో మునిగిపోతుంది. క్యాలిపర్లు కట్టుకుని సమాంతర కడ్డీల మధ్య నిలబడే రోజు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే మధ్యాహ్నం మాత్రను ఫిజియోథెరపీ అయ్యాకే వేసుకుంటున్నాను. ఈసారి చీటీ మీద డాక్టరు గారు కూడా అలాగే రాసిచ్చారు.