చాలా ఏళ్ల వాడకం తరువాత గేమ్ కన్సోల్: డిజిటల్ లైసెన్సుతోనే నా పేచీ

మా ఇంటికి గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడే యంత్రం, వచ్చి చాలా ఏళ్లయింది. దాని వేగం గురించి, దృశ్యాల నాణ్యత గురించి, కంట్రోలర్ల గురించి రాసినవారు ఎందరో ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోను. నాకు పేచీ ఉన్నది ఒక్కదానితోనే. కన్సోల్‌లోని ఆన్‌లైన్ స్టోర్‌లో పూర్తి ధర చెల్లించి దించుకున్న ఆటలకు తగిలించి ఉంచే లైసెన్సు తాళం అది.

మొదట్లో ఈ డిజిటల్ కొనుగోలును నేనే అందరికీ పొగిడి చెప్పేవాణ్ణి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టూ ఎంత తిరిగినా నాకు కావలసిన డిస్కు దొరికేది కాదు. విశాఖ వెళ్లేవారిని బతిమాలి తెప్పించుకోవలసి వచ్చేది. డిజిటల్ స్టోర్‌లో ఆ తిప్పలు లేవు. గీతలు పడతాయన్న భయం లేదు, పండగ తగ్గింపుల్లో పాత ఆటలు సగం ధరకే వస్తాయి. ఈ సదుపాయాలన్నీ ఇప్పటికీ నిజమే. అయితే అవి ఇంటర్నెట్ ఉన్నంతవరకే నిజమని 2021లో తెలిసింది.

ఆ వేసవిలో కన్సోల్ ఆన్ కావడం మానేసింది. సర్వీస్ సెంటర్ వారు మదర్‌బోర్డు మార్చి ఇచ్చారు. ఆటలన్నీ మళ్లీ దించుకున్నాను, అన్నీ మునుపటిలాగే నడిచాయి. పెట్టె అదే, ఖాతా అదే అయినా, సర్వర్ల లెక్కలో మాత్రం బోర్డు మారితే యంత్రమే మారినట్టని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఖాతాకు ఒక ప్రధాన కన్సోల్ ఉంటుంది, ఇంటర్నెట్ లేకపోయినా ఆటలు నడిచేది దానిమీదే. మిగతా ఏ యంత్రంలోనైనా ఆట తెరిచిన ప్రతిసారీ సర్వర్‌ను అడిగి అనుమతి తెచ్చుకోవాలి. నా ప్రధాన కన్సోల్‌గా నమోదై ఉన్నది చెత్తబుట్టలోకి పోయిన ఆ పాత బోర్డు. నెట్ ఉన్నన్నాళ్లూ ఈ తతంగమంతా తెర వెనుక చప్పుడు లేకుండా జరిగిపోయింది.

ఆ ఏడాది సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గార మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే మా అక్క, తుపాను హెచ్చరికలు వినగానే పిల్లలను తీసుకుని ముందురోజే మా ఇంటికి వచ్చేసింది. అరసవల్లి వైపు కరెంటు తిరిగి వచ్చినా, మా వీధి ఫైబర్ లైను మాత్రం చెట్టు కొమ్మల కింద తెగి పడి ఉంది. బయటికి పోయే వీల్లేని పిల్లలకు కాలక్షేపం అవుతుందని కన్సోల్ పెట్టాను. తెరమీద వరసగా ఆటల బొమ్మలు కనిపించాయి, ఒక్కొక్క బొమ్మ పక్కన ఒక చిన్న తాళం గుర్తు. ఏది నొక్కినా లైసెన్సును నిర్ధారించలేకపోతున్నామని, ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలని ఒకటే సందేశం. పెద్ద మేనల్లుడు నా వైపు తిరిగి, "డబ్బులు కట్టీసినాం గదా మావయ్యా, మరి తాళమేటి?" అని అడిగాడు. వాడికి చెప్పడానికి న్యాయమైన సమాధానం నా దగ్గర లేదు.

చివరికి అటక మీది నుంచి పాత డిస్కులు దింపాను. విశాఖలో ఎవరో వాడి అమ్మేసిన ఫుట్‌బాల్ ఆట ఒకటి అందులో ఉంది. డిస్కు లోపలికి పోయిన వెంటనే ఆట మొదలైంది. ఆ రెండు మూడు రోజులూ పిల్లలు దాంతోనే గడిపారు. తరువాత మేడ మీద ఒక మూల ఫోన్‌కు కాస్త సిగ్నల్ అందితే, కన్సోల్‌ను అక్కడికే మోసుకుపోయి హాట్‌స్పాట్ కలిపాను. క్షణాల్లో తాళాలన్నీ మాయమయ్యాయి. కొత్తగా దిగింది ఏమీ లేదు. ఆట మొత్తం మొదటినుంచీ మా ఇంట్లోనే ఉంది, రానిది అనుమతి ఒక్కటే. వడ్లు మన గాదెలోనే ఉన్నా తాళంచెవి మాత్రం పొరుగూరి షావుకారు మొలలో ఉన్నట్టయింది.

వినియోగదారుల సేవా విభాగానికి రాస్తే, పాత యంత్రాల నమోదును ఖాతా నుంచి రద్దు చేసుకునే వీలు ఆరు నెలలకు ఒక్కసారే ఉంటుందని, దానిని అప్పటికే వాడుకున్నందున గడువు తీరేదాకా ఆగాలని జవాబు వచ్చింది. బోర్డు మార్చినట్టు రసీదు పంపినా జవాబు మారలేదు. అదే నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించింది.

ఆ తరువాత ఈ విషయాన్ని శ్రద్ధగా గమనిస్తున్నాను. 2013లో తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌కు 24 గంటలకొకసారి నెట్ తనిఖీ తప్పనిసరి అని ప్రకటించిన మైక్రోసాఫ్ట్, ఆటగాళ్లు తిరగబడేసరికి ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. అప్పుడు మనం వద్దన్నదే ఇప్పుడు ముక్కలు ముక్కలుగా తిరిగి వస్తోంది. 2023 మార్చిలో నింటెండో కంపెనీ పాత యంత్రాలైన 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ స్టోర్లలో అమ్మకాలు ఆగిపోయాయి. 2024 జులైలో ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూతపడింది. అదే ఏడాది మార్చి 31న ఆటల తయారీ కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో 'ద క్రూ' అనే కార్ల ఆట డిస్కు చేతిలో ఉన్నవారికి కూడా పనికిరాకుండా పోయింది. నింటెండో స్విచ్ 2 కన్సోల్‌కు డిస్కుల బదులు వచ్చే కార్డుల్లో కొన్నింటిలో ఆట ఉండదు, దాన్ని దించుకునే హక్కు మాత్రమే ఉంటుంది. కాబట్టి డిస్కు ఉంటే చాలు నిశ్చింత అని కూడా అనలేను.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, ఇస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా తెలపకుండా స్టోర్లు 'కొనండి' అని రాయకూడదు. అటువంటి నియమం మనకూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇటువంటి తాళాలను ఛేదించేవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది. తాళం వేసేవారికి ఇంత రక్షణ ఉన్నప్పుడు, డబ్బు కట్టినవారికి ఆట ఎంతకాలం నడుస్తుందో కొనేముందే చెప్పించడం పెద్ద కోరికేమీ కాదు.

ఇక కన్సోల్ విషయానికొస్తే, యంత్రంగా దానిమీద నాకు ఫిర్యాదు లేదు, ఇప్పటికీ వాడుతున్నాను. గడువు తీరాక ప్రధాన కన్సోల్‌గా మళ్లీ నమోదు చేసుకున్నాను, ఆ ఇబ్బంది తిరిగి రాలేదు. విశాఖలో రెండు నెట్ కనెక్షన్లు ఉన్న మా బావమరిదికి ఇదంతా అనవసరమైన బెంగ అనిపించవచ్చు, ఎప్పుడూ బదిలీల మీద తిరిగే ఉద్యోగులకు డిస్కుల మూటకన్నా డిజిటలే సుఖం కావచ్చు. తుపానుల జిల్లాలో, ఒకే ఒక్క ఫైబర్ లైను మీద ఆధారపడిన నేను మాత్రం పూర్తి ధర పెట్టే ఆటలను డిస్కు మీదే తీసుకుంటున్నాను, అదీ నెట్ తప్పనిసరి అని అట్ట మీద లేకపోతేనే. తగ్గింపులో వచ్చే చిన్న ఆటలను డిజిటల్‌గా కొంటున్నాను. తరువాతి కన్సోల్ కొనేటప్పుడు డిస్క్ డ్రైవ్ లోపలే ఉన్న రకం దొరికితే కొంత ఎక్కువైనా దానికే ఇస్తాను. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ 5 రకానికి విడిగా అమ్మే డ్రైవ్‌ను మొదటిసారి జత చేయడానికి కూడా ఇంటర్నెట్ కావాలి కనుక, అది తీసుకునేవారు ఆ పనిని వానాకాలానికి ముందే ముగించుకోవడం మేలు.