నెల్లూరు ఇంట్లో విక్కా పీఠం: ఆన్‌లైన్‌లో కొన్న సామగ్రి పెట్టెపై సమీక్ష

విక్కా అనే పాశ్చాత్య మతపు సాధన కోసం ఇంట్లో పీఠం ఏర్పాటు చేసుకునేవారికి కావలసిన వస్తువులన్నింటినీ ఒకే పెట్టెలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అటువంటి పెట్టెను రెండున్నర వేల రూపాయలకు కొని, నెల్లూరు దర్గామిట్టలోని మా అద్దె ఇంట్లో వేసవి మొదలుకొని వానలు పడేదాకా వాడి చూశాను. అందులోని వస్తువుల్లో సగానికి సగం పెద్దబజారులో ఇంతకన్నా మేలైనవి దొరుకుతాయి. మిగిలిన సగం మాత్రం ఇక్కడి అంగళ్లలో అడిగినా ప్రయోజనం లేదు.

1951లో ఇంగ్లండులో మంత్రవిద్యకు సంబంధించిన పాత చట్టం రద్దయిన తరువాత, గెరాల్డ్ గార్డ్‌నర్ రచనల ద్వారా నలుగురికీ తెలిసిన ఈ మతంలో ఒక దేవినీ, ఒక దేవుణ్ణీ, మారే ఋతువులనూ ఆరాధిస్తారు. చేతబడికీ దీనికీ సంబంధం లేదు. పెట్టె మూత మీద పుర్రె బొమ్మ అచ్చువేసిన వ్యాపారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆ బొమ్మ చూసి ఎదురింటి పిన్నిగారు "ఏందమ్మా ఇది, ఇంట్లో పెట్టుకోదగ్గదేనా?" అని అడిగారంటే ఆమెను తప్పుపట్టలేను.

పెట్టెలో మెచ్చుకోదగినవి రెండు. మొదటిది అయిదు కోణాల నక్షత్రం చెక్కిన గుండ్రని కొయ్య పలక. ఇది భూతత్త్వానికి గుర్తుగా పీఠం నడుమ ఉంటుంది. గీతలు లోతుగా, అంచులు నునుపుగా ఉన్నాయి, చేత్తో తడిమితే ఎక్కడా పేడు గుచ్చుకోదు. రెండవది అథామే అనే నల్లపిడి కత్తి. దానితో దేనినీ కోయరు, సాధన స్థలానికి హద్దుగా వలయం గీయడానికీ శక్తిని నిర్దేశించడానికీ మాత్రమే వాడతారు కాబట్టి పదును లేకపోవడం లోపం కాదు. పైగా పిల్లలున్న ఇంట్లో అదే మంచిది.

పానపాత్ర విషయంలో మాత్రం డబ్బు వృథా. ఉప్పు కలిపిన నీటితో స్థలాన్ని శుద్ధి చేయడం ఈ సాధనలో మొదటి పని కాగా, ఆ నీటిని ఒక రాత్రి ఈ పాత్రలో ఉంచితే తెల్లారేసరికి వెండి పూత పొక్కి, లోపలి అంచు వెంబడి పచ్చటి చిలుము పట్టింది. పెద్దబజారు ఇత్తడి అంగట్లో కాళ్లున్న చిన్న గిన్నె కొన్నాను గానీ, ఇత్తడికీ ఉప్పునీరు పడదు కనుక దానిలో తాగే పానీయం మాత్రమే పోసి, ఉప్పునీటికి పింగాణీ గిన్నెను కేటాయించడం ఉత్తమం. ఉప్పు మాటకొస్తే, గాజుసీసాలో పెట్టి పంపిన విదేశీ సముద్రపు ఉప్పుకు బదులు మన వీధి కొట్లో దొరికే కల్లుప్పు చాలు. అదీ సముద్రపుదే.

కొవ్వొత్తులు నాలుగు దిక్కులకు నాలుగు రంగులవి ఇచ్చారు. మూసిన గదిలో రోహిణి కార్తె వేడికి అవి వెలిగించకముందే నడుము వంగిపోయాయి. ఫ్యాను వేస్తే ఆరిపోతాయి, తీస్తే మనిషి కూర్చోలేడు. నువ్వులనూనె పోసిన మట్టి ప్రమిదను పళ్లెంలో పెట్టి, దాని కింద ఆ దిక్కు రంగు గుడ్డ పరచడం మన ఎండలకు తగిన పద్ధతి. ధూపానికి ఇచ్చిన బొగ్గు బిళ్లలను కిటికీలు మూసిన ఏసీ గదిలో ఎన్నడూ వెలిగించకూడదు. ఆ పొగలోని విషవాయువు వాసన కూడా రాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది దిక్కుల కార్డు. ఉత్తరం భూమి, తూర్పు గాలి, దక్షిణం అగ్ని, పడమర నీరు అని అందులో ఉంది. ఇది బ్రిటన్‌కు చక్కగా సరిపోతుంది: అక్కడ మహాసముద్రం పడమటనే ఉంది, మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాననే ఉంటాడు. మనకు మైపాడు సముద్రం తూర్పున ఉంది, పెన్న కూడా తూర్పుకే పారుతుంది. ఇక సూర్యుడు ఏప్రిల్ చివర నడినెత్తికి వచ్చి, ఆగస్టు మధ్యదాకా కొద్దిగా ఉత్తరానికే వాలి ఉంటాడు. ఉన్న ఊరిని బట్టి తత్త్వాల స్థానాలను మార్చుకునే సాధకులు విదేశాలలోనూ ఉన్నారు కాబట్టి నేను నీటి గిన్నెను తూర్పుకూ, ప్రమిదను వాస్తులో చెప్పే ఆగ్నేయానికీ జరిపాను. విక్కా ఏడాదిలోని ఎనిమిది పండుగల పట్టిక కూడా ఇలాంటిదే. ఆగస్టు 1న వచ్చే లామస్‌కు తొలి కోత ధాన్యం పెట్టమంటుంది, పెన్నా డెల్టాలో ప్రధాన పంట కోతలేమో మార్చి, ఏప్రిల్ నెలల్లో. అక్టోబరు 31న సావిన్ పండుగ నాటికి అక్కడ ఆకులు రాలుతుంటే ఇక్కడ ఈశాన్య ఋతుపవనాల వానకు నేల పచ్చబడుతుంది. ఇన్ని దేశాలకు అమ్మే వ్యాపారి ఒక్క ఖాళీ కార్డు జతచేసి, మీ ఊరి ఋతువులు రాసుకోండి అని ఉంటే ఎంతో బాగుండేది.

తొమ్మిదడుగుల నూలు తాడు ఒకటి ఉంది. సంప్రదాయ వలయం వ్యాసం తొమ్మిదడుగులు కాబట్టి దానిని సగానికి మడిచి ఒక కొస మధ్యలో పట్టి తిప్పితే కొలత సరిపోతుంది, కాకపోతే పది బై పది గదిలో మంచం బయట పెట్టవలసి వస్తుంది. పీఠం మీది గుడ్డ పలుచన, ఒక్క ఉతుకుకే రంగు దిగింది. అసలు పీఠానికి బల్ల అవసరమే లేదు. ఇంట్లోని కొయ్య పీటను ఉత్తరపు గోడకు చేర్చి వేస్తే సరిపోతుంది. దేవుడి గూడు ఎలాగూ ఈశాన్యంలో ఉంటుంది కనుక రెండూ కలగాపులగం కావు, సాధన ముగిశాక పీట ఎత్తిపెట్టేయవచ్చు.

పాత్ర ఫోటోలు పంపగానే అమ్మకందారు మరొకటి ఉచితంగా పంపారు, మర్యాదగానే మాట్లాడారు. అయితే దానిదీ అదే పూత. పలకనూ కత్తినీ విడిగా అమ్ముతారా అని అడిగితే వీలుకాదన్నారు.