సైటేషన్లా, హెచ్-ఇండెక్సా, కలిసి రాసినవాళ్ళా: గైడును దేన్నిబట్టి ఎంచుకోవాలి?

ఎమ్మెస్సీ ఫలితాలు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఈయనకి సైటేషన్లు రెండు వేలు దాటినాయి, ఆ మేడంకి నాలుగొందలే. పీహెచ్‌డీకి ఎవరి దగ్గర చేరమంటారు?" సైటేషనంటే ఒక పేపరును ఇంకో పేపర్లో ప్రస్తావించడం. ఏటా పేర్లు మారతాయి, ప్రశ్న మాత్రం ఇదే. ఈసారి అడిగింది ఉలవపాడు కుర్రాడు, జువాలజీ. నెల్లూరులో మా కాలేజీ వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని, ఎవరి పేపర్లేవో, వాటికి సైటేషన్లెన్నో చూపే గూగుల్ స్కాలర్‌లో ఇద్దరి పేజీలూ వాడి ఫోన్లోనే తెరిచాం.

మొత్తం సైటేషన్ల అంకె చూడగానే ఎవరికైనా గౌరవం పుడుతుంది. అది ఏ పేపర్‌కు వచ్చిందో చూశాకే ఆ గౌరవం ఉంచుకోవాలో లేదో తేలుతుంది. లౌరీ బృందం 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌కు, 2014లో నేచర్ పత్రిక లెక్క తీసేనాటికే మూడు లక్షలు దాటాయి. ఆ లెక్కలో అదే మొదటిది. డీఎన్‌ఏ జంట మెలిక సంగతి చెప్పిన పేపరు మొదటి వందలోనే లేదు! ల్యాబులో రోజూ చేతికి తగిలే పద్ధతికి సైటేషన్లు వస్తూనే ఉంటాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతీ ఆ కోవదే.

చదివే గుంపు ఎంత పెద్దదన్నదీ చూడాలి. మన ఒంగోలు జాతి పశువే బ్రెజిల్ వెళ్ళి 'నెలోర్' అయింది. చదలవాడ ఫారం పశువుల మీద ఒకరు, బ్రెజిల్ మందల మీద ఇంకొకరు అంతే మంచి పేపరు రాసినా, రెండోదాన్ని చదివేవాళ్ళే ఎక్కువ. ఇక నెల్లూరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449, అదే నెల్లూరు మసూరి, ఎన్ని మళ్ళలో నాటినా ఒక్క సైటేషనూ పెరగదు. రైతు నారు పోస్తాడు గానీ రిఫరెన్సు రాయడు కదా.

హెచ్-ఇండెక్సు కొంత నయం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. నాలుగేసి సైటేషన్లకు తగ్గని పేపర్లు నాలుగుంటే హెచ్ 4, పదేసికి తగ్గనివి పది ఉంటే హెచ్ 10. ఒక్క పేపరు పేలినంత మాత్రాన పెరగదు. ఐదు పేపర్లకు వరసగా 40, 12, 5, 4, 2 సైటేషన్లున్న మనిషికి మొత్తం 63, హెచ్ మాత్రం 4. ఆ 40 కాస్తా 400 అయినా హెచ్ నాలుగే. అంతవరకు బాగుంది. కానీ ఇది వయసులాంటిది, పెరగడమే గానీ తగ్గడం లేదు. రిటైరయ్యే ప్రొఫెసరునూ నిన్న చేరిన అసిస్టెంటు ప్రొఫెసరునూ దీంతో కొలిస్తే ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. ఇది దారుణంగా తప్పిన సందర్భాలుంటాయని 2020లో హిర్షే రాశాడు.

ఐ10, అంటే పది సైటేషన్లకు తగ్గని పేపర్లెన్ని అన్న లెక్క, దాని గురించి స్కాలర్ పేజీ బయట ఎవరూ అడగరు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక పత్రికలోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, పత్రికది, మనిషిది కాదు.

నేను చూసేది కలిసి రాసినవాళ్ళను. స్కాలర్ పేజీలో పేపరు కింద పేర్ల వరస చివర మూడు చుక్కలుంటాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ పేపరు మీద నొక్కి మొత్తం పేర్లు చదవండి. మావాడు చెప్పిన రెండు వేల సైటేషన్ల సారుకు అందులో తొమ్మిది వందలు ఒక్క పేపర్‌వే. దానికి అరవైమంది పైగా రచయితలు, ఈయన పేరు నలభై ఒకటోది. ఇందులో తప్పేమీ లేదు. హిగ్స్ బోసాన్ బరువు మీద 2015లో వచ్చిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. అంత పెద్ద పని అంతమంది లేనిదే జరగదు. కాకపోతే స్కాలర్ ప్రతివాళ్ళకూ మొత్తం సైటేషన్లు రాసేస్తుంది, వాటాలు వేయదు.

మేడం పేజీలో ఇరవై మూడు పేపర్లు. పద్నాలుగింటిలో మొదటి పేరు విద్యార్థిది, చివరి పేరు ఆమెది. మా లైఫ్ సైన్సుల్లో చివరి పేరంటే గైడని అర్థం. (గణితంలో అక్షర క్రమంలో వేస్తారు, అక్కడ ఈ కిటుకు పారదు.) ఆ విద్యార్థుల్లో ముగ్గురు తర్వాత వేరే ఊళ్ళ నుంచి సొంతంగా రాస్తున్నారు. ఆమె రొయ్యల తెల్లమచ్చ వైరస్ పేపరు కింద సైటేషన్ల అంకె నొక్కితే ఈక్వెడార్, వియత్నాం, థాయ్‌లాండ్ వాళ్ళు కనిపించారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు. వాళ్ళూ మన ఇస్కపల్లి వాళ్ళలా గుంటల్లో రొయ్యలు పెంచే దేశాలవాళ్ళే, పనికొచ్చింది కాబట్టే చదివారు.

సారు పేజీలో సైట్ చేసినవాళ్ళు ఎక్కువమంది ఆయనతో కలిసి రాసినవాళ్ళే. ఇది పెళ్ళి చదివింపుల లెక్క. ఇవాళ మీరు నాకు నూటపదహార్లు చదివిస్తే, రేపు మీ ఇంటి పెళ్ళికి నేనూ చదివిస్తాను. పుస్తకంలో అంకె పెరుగుతుంది, ఎవరి ఆస్తీ పెరగదు.

కలిసి రాయడంలోనూ మోసాలు లేవనను. మిషను ఉన్న గదికి తాళంచెవి ఇచ్చినందుకు పేరు చేర్చిన పేపరు నాదీ ఒకటుంది. రెండో పేరు తాళంచెవి ఇచ్చినాయనది, మూడోది నాది. పని చేసింది నేనూ, నా విద్యార్థీ. అందుకే పేర్లు లెక్కపెట్టడం చాలదు, వరస చూడాలి. జిల్లా పేజీల్లో 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవారు' అని వేసే స్టాన్‌ఫర్డ్ జాబితాలో నాకు నచ్చేదీ అదే. ఒంటరిగా రాశారా, మొదటి పేరా, చివరి పేరా అని చూస్తుంది, సొంత సైటేషన్లు తీసేసి కూడా లెక్క చూపిస్తుంది.

ఇంత చెప్పాక మావాడు, "సార్, రెండు వేలంటే ఇంట్లో చెప్పుకోడానికి బాగుంటది గదా" అన్నాడు. బాగుంటుంది, కాదనను. ఆ సాయంత్రమే మేడంకు మెయిలు పెట్టాడు. మర్నాడు జవాబొచ్చింది, ఒక్క ముక్క: ముందు నీ ప్రాజెక్టు డేటా షీటు పంపు. వాడింకా ఆ షీటు సరిచేస్తున్నాడు.