కడపలో పాత జర్మన్ కారుతో ఆరేళ్లు

2019 జూన్‌లో బెంగళూరులో కొన్నాను. 2014 మోడల్, రెండు లీటర్ల డీజిల్ సెడాన్, ఆటోమేటిక్ గేరు, ఒక్క ఓనరు చేతిలో 58,000 కిలోమీటర్లు తిరిగిన బండి, ధర పదకొండున్నర లక్షలు. ఈరోజు మీటరు 1,31,000 చూపిస్తోంది. జర్మన్ కారు అని మాత్రం చెబుతున్నాను, ఏ కంపెనీ అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, ఎందుకంటే ఈ వయసు కార్లన్నిటికీ జబ్బులు దాదాపు ఒకటే. మాకు కడపలో ఈ బండికి కంపెనీ షోరూమ్ లేదు. బెంగళూరు గానీ చెన్నై గానీ పోవాలంటే 250 కిలోమీటర్లకు పైమాటే. కాబట్టి "కొనాలా వద్దా" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: బండిలో ఏం జరుగుతుందో కొంచెమైనా మీరే తెలుసుకోవడానికి సిద్ధమైతే కొనండి. నాకు ఈ ఆరేళ్లలో ఎక్కువ డబ్బు పోబోయింది పార్టు పాడైనందుకు కాదు, పాడవని పార్టు మార్చమని చెప్పినందుకు.

మొదటి దెబ్బ గువ్వలచెరువు ఘాట్‌లో తగిలింది. 2020 మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని రాయచోటి వైపు ఎక్కుతున్నాను. ముందర రాళ్ల లోడు లారీలు, వెనక లారీలు, బండి నడక వేగంలో పోతోంది. మూడో మలుపు దగ్గర టెంపరేచర్ ఎర్ర గుర్తు వచ్చింది. పైకి చేరాక పాలకోవా అంగళ్ల దగ్గర ఆపుదాంలే అనుకోకుండా అక్కడే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను, నా ఇంజన్ బతికింది దానివల్లే. ఎర్ర గుర్తు వచ్చాక ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు పోవచ్చు, హెడ్డే వంకర పోవచ్చు, అప్పుడు బిల్లు లక్షల్లోకి పోతుంది. బానెట్ ఎత్తి, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ట్యాంకు మూత మీద చెయ్యి వేయబోతే ఒక లారీ డ్రైవర్ దూరం నుంచే అరిచినాడు, "అన్నా, మూత తీయొద్దు, మొగం కాలిపోతాది!" ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లోపల ప్రెషర్‌తో ఉన్న వేడినీళ్లు ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. గంటన్నర ఆగి, లారీ మీద ఎక్కించి కడపకు తెచ్చాం.

రేడియేటర్ మార్చాలని ఒకాయన, వాటర్ పంపు అని ఇంకొకాయన. ఇద్దరూ చూసే చెప్పారు, కొలిచి చెప్పలేదు. మేం భాయ్ అని పిలిచే మెకానిక్ ఒక ప్రెషర్ టెస్టర్ తెచ్చి, కూలెంట్ ట్యాంకు మీద బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు గాలి కొట్టి వదిలేశాడు. పది నిమిషాల్లో ముల్లు కిందికి వచ్చింది, ట్యాంకు కింది అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక, అందులోంచి తడి. ప్లాస్టిక్ ట్యాంకు, ఆరేళ్ల వేడికి పెళుసు బారింది. ఈ కార్లలో ట్యాంకు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) గూడు, పైపుల మూతులు అన్నీ ప్లాస్టిక్‌వే. మన దగ్గర ఎండ 43 డిగ్రీలు దాటే ఊళ్లు, ఇక్కడ అవి ముందుగానే పోతాయి. కొన్న వెంటనే వాటిని చూపించుకోండి, పోయినవాటిని మాత్రం మార్చండి. నేను ట్యాంకు, థర్మోస్టాట్, రెండు పైపులు కలిపి మార్పించాను, పంపు బాగానే ఉంది, ముట్టుకోలేదు.

ఆ పైపు విప్పినప్పుడు లోపల తెల్లని పొర కనిపించింది. నాది ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల వ్యాపారం, ఆ పొర నాకు కొత్త కాదు, మా పాలిషింగ్ మిషన్ల పైపుల్లో రోజూ చూసేదే. ఎవరో ఎప్పుడో బోరు నీళ్లు పోశారు. మనది సున్నపురాయి నేల, బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ, వేడెక్కిన చోటల్లా సున్నం కడుతుంది, సన్నటి దారులు మూసుకుపోతాయి. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కంపెనీ చెప్పిన రకం కూలెంట్, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్, అంతే. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపొద్దు, రంగుకు రకానికి సంబంధం లేదు. డిక్కీలో ఎప్పుడూ రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పెట్టుకోండి, అడవిలో ఆగిపోతే అవే మీకు దిక్కు.

రెండో కథ బ్యాటరీది. 2021 జనవరిలో ఒక పొద్దున స్టార్ట్ చేస్తే మీటరు నిండా హెచ్చరికలు. స్టీరింగ్, బ్రేకు, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్, అన్నీ ఒకేసారి. నాకు చెమటలు పట్టాయి. ఒక పెద్ద గ్యారేజీలో స్కానర్ పెట్టి, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోయింది, లక్షా ఎనభై వేలు అవుతుందన్నారు. భాయ్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే, "సార్, రాత్రంతా ఆగినాక బ్యాటరీ ఎంత చూపిస్తాంది?" మల్టీమీటర్ పెట్టి చూస్తే 11.9 వోల్టులు. మంచి బ్యాటరీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 దాకా ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. స్టార్ట్ చేసే క్షణంలో మాది తొమ్మిది కంటే కిందికి పడిపోయింది. వోల్టేజీ అలా పడితే ఈ కార్లలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక ఒక్కొక్కటీ తన ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది, చూసేవాడికి బండి మొత్తం పోయినట్టు అనిపిస్తుంది. 24,000 పెట్టి ఇలాంటి కార్లకు వేసే ఏజీఎమ్ రకం బ్యాటరీ వేయించి, కొత్త బ్యాటరీ వేశామని కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాను. హెచ్చరికలు అన్నీ పోయాయి, గేర్‌బాక్స్ ఈరోజుకీ అదే. ఆ నమోదు చేసే పని చాలామంది వదిలేస్తారు. చాలా జర్మన్ కార్లలో అది చేయకపోతే, కారు ఇంకా పాత బ్యాటరీయే అనుకుని దానికి తగ్గట్టే చార్జింగ్ చేస్తుంది, కొత్తది తొందరగా చస్తుంది. ఎక్కువ హెచ్చరికలు ఒకేసారి వచ్చాయంటే ముందు బ్యాటరీ, తర్వాత దాని ఎర్త్ వైరు, ఆ తర్వాతే మిగతా ఏదైనా.

స్కానర్ గురించి కూడా చెప్పాలి. కారు కంప్యూటర్లు నమోదు చేసిన ఫిర్యాదుల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి కొనండి, స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. చవకవి ఇంజన్ కోడ్‌లు మాత్రమే చదువుతాయి, ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ సంగతులకు ఆ కంపెనీ కార్ల కోసం చేసిన మంచి యాప్ కావాలి. కానీ కోడ్ అంటే పార్టు పేరు కాదు. నాకు పీ0299 వచ్చింది, టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలి నెట్టే పరికరం, దాని ప్రెషర్ తక్కువ అని అర్థం. పికప్ లేదు, నల్ల పొగ. ఒకచోట టర్బో మార్చమన్నారు, లక్షా నలభై వేలు. ప్రెషర్ తక్కువ ఉందని కారు చెప్పింది గానీ ఎక్కడ పోతుందో చెప్పలేదు కదా. బెంగళూరులో ఒక ప్రైవేట్ వర్క్‌షాప్‌లో స్మోక్ టెస్ట్, అంటే పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష చేస్తే, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు అడుగున చీలి ఉంది. 6,500 రూపాయలు. ఎవరైనా పెద్ద పార్టు పేరు చెబితే "ఎలా తేలింది, ఏం కొలిచారు?" అని మర్యాదగానే అడగండి. జవాబు లేకపోతే బండి తీసుకుని వచ్చేయండి.

ఇంజన్ ఆయిల్‌ను మీటరు చెప్పిన లెక్కకు మార్చను, పదివేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) ఉన్న డీజిల్‌కు బూడిద తక్కువ వచ్చే రకం ఆయిలే పోయాలి, మాన్యువల్‌లో గ్రేడు రాసి ఉంటుంది, షాపువాడు ఇచ్చింది కాదు, అది రాసి ఉన్న డబ్బానే కొనండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చాలామంది చెబుతారు. నా బండి గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను 84,000 దగ్గర మార్పించాను, 42,000 అయింది. కిందికి కారిన ఆయిల్ నల్లగా ఉంది, ఆ తర్వాత రెండో గేరులో ఉన్న చిన్న కుదుపు పోయింది. ఇది ఊళ్లో చేయించొద్దు, ఆయిల్ మట్టం గేర్‌బాక్స్ సరైన వేడిలో ఉన్నప్పుడు స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ సరిచేయాలి, అంచనాతో పోసే పని కాదు.

ఇక ఆ డీపీఎఫ్ సంగతి. బండి వేగంగా నడిచి వేడెక్కినప్పుడు అందులో పట్టిన మసి తనంతట తానే కాలిపోతుంది. రోజూ ఎర్రగుంట్లకు నలభై కిలోమీటర్లు పోయి వచ్చినంతకాలం నాకు డీపీఎఫ్ హెచ్చరిక లైటు రాలేదు. లాక్‌డౌన్ తర్వాత కడప టౌన్‌లోనే కోటిరెడ్డి సర్కిల్, ఏడు రోడ్లు, ఇల్లు, ఇంతే తిరిగాను, నాలుగు నెలలకే వచ్చింది. మైదుకూరు దారిలో అరగంట సేపు రెండువేల ఆర్‌పీఎమ్ తగ్గకుండా నడిపితే పోయింది. టౌన్‌లోనే తిరిగేవాళ్లు డీజిల్ జోలికి పోవద్దు, పెట్రోల్ తీసుకోండి. క్వారీల వైపు తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్ రెండింతలు తరచుగా చూసుకోండి, నాది ఆరువేలకే తెల్లదుమ్ముతో పిండి జల్లెడలా ఉంటుంది.

టైర్లు. బండి రన్‌ఫ్లాట్, అంటే గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లతో వచ్చింది, స్టెప్నీ లేదు. పంక్చరైనా 80 కిలోమీటర్లు, 80 స్పీడు దాటకుండా పోవచ్చంటారు, అది నిజమే, కానీ గట్టి గోడల టైరు గుంతలో పడితే పక్కన ఉబ్బుతుంది, అలా రెండు పోయాయి, మన పంక్చర్ అంగళ్లలో దాన్ని విప్పే మిషన్ ఉండదు. మామూలు టైర్లకు మారాను, డిక్కీలో సన్న స్టెప్నీ, గాలి పంపు. నడక మెత్తబడింది, ఇంట్లో అమ్మకు నడుం నొప్పి తగ్గింది, ఆ ఒక్క కారణానికే నేను మళ్లీ రన్‌ఫ్లాట్‌కు పోను. టైరు మీద నాలుగంకెల తేదీ చూడటం మరవద్దు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

2021 నవంబర్‌లో, చెయ్యేరు పొంగి అన్నమయ్య డ్యామ్ తెగిన ఆ వారం, మా ఇంటి ముందు ఆపిన కారులో డ్రైవర్ కాళ్ల దగ్గర తడి. తలుపుల్లోంచి వచ్చిందనుకున్నాను. సన్‌రూఫ్ నాలుగు మూలల్లో నీళ్లు దిగే సన్న గొట్టాలు ఉంటాయి, ఏడాదంతా దుమ్ము పట్టి, వేపపూత రాలి, ముందు రెండూ మూసుకుపోయాయి. మన దగ్గర వాన తక్కువ కాబట్టి అది మూసుకుందని వాన వచ్చేదాకా తెలియదు, తెలిసేసరికి కార్పెట్ కింద నీళ్లు, ఆ నీళ్ల పక్కనే వైర్లు. మూడు రోజులు సీట్లు విప్పి ఎండబెట్టాం. ఇప్పుడు ప్రతి జూన్‌లో మూలల్లో గ్లాసుడు నీళ్లు పోసి, చక్రాల దగ్గర కారుతున్నాయో లేదో చూస్తాను. గాలి ఎక్కువ ప్రెషర్‌తో కొట్టొద్దు, గొట్టం లోపల ఊడిపోతుంది.

కర్ణాటక బండి కొనేవాళ్లు ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఏడాదికి మించి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ ఖర్చు బేరంలోనే కలుపుకోండి. సర్వీసు రికార్డు లేని బండి, స్ప్రింగుల బదులు గాలి సంచులుండే ఎయిర్ సస్పెన్షన్ బండి మాత్రం మన ఊళ్లకు వద్దు, ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

డీజిల్, ఇన్సూరెన్స్ వదిలేస్తే ఆరేళ్లలో నాలుగు లక్షల అరవై వేలు ఖర్చు పెట్టాను. అందులో రెండు లక్షల డెబ్భై వేలు మొదటి రెండేళ్లలోనే. ఆ తర్వాత ఏడాదికి నలభై నుంచి అరవై వేలు. హైవే మీద లీటరుకు 16 ఇస్తుంది. నంద్యాల దారిలో వంద మీద పోతుంటే ఆ నిశ్శబ్దం, ఆ పట్టు నాకు ఈరోజుకీ కొత్తగానే ఉంటాయి.

ప్రస్తుతం ఎడమ ముందు చక్రం దగ్గర స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కట్‌మని చప్పుడు. షాక్ అబ్జార్బర్ అని ఒకరు అన్నారు. ఆదివారం భాయ్ జాకీ ఎక్కించి, రాడ్డుతో ఒక్కో బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు) కదిపి చూస్తానన్నాడు. అప్పటిదాకా ఏ పార్టూ ఆర్డర్ చేయడం లేదు.