తేనెటీగ రెక్కల కొలతకు ఏది మేలు: స్కానరా, ఫోనా, యూఎస్‌బీ మైక్రోస్కోపా?

పెట్టెలో ఉన్నది మన పుట్ట తేనెటీగా, ఇటాలియన్ ఈగా అని తేల్చుకోవడానికే అయితే ఏ యంత్రమూ అక్కర్లేదు. వెనక రెక్క ఊడదీసి పది రెట్ల భూతద్దం కింద పెట్టండి. రెక్కలో నరాల్లా కనిపించే సన్న గీతలే ఈనెలు. మధ్య ఈనె అడ్డ ఈనెను దాటి అంచు వైపు చిన్న తోకలా సాగి ఉంటే అది పుట్ట తేనెటీగ, అంటే ఎపిస్ సెరానా. ఇటాలియన్ ఈగ ఎపిస్ మెల్లిఫెరా. దానికి ఆ తోక ఉండదు.

కొలతలతో పని పడేది ఆ తర్వాత. కోనసీమ కొబ్బరి తోటలో పట్టిన కుటుంబానికీ, రంపచోడవరం కొండల నుంచి తెచ్చిన కుటుంబానికీ రెక్కల్లో తేడా ఉందా? రాణి మారాక పుట్టిన ఈగల్లో ఏమైనా మారిందా? ఇలాంటివి చూడటానికి అందరూ మొదట పట్టుకునేది క్యూబిటల్ ఇండెక్స్. ముందు రెక్కలో మూడో క్యూబిటల్ గది (ఈనెలు చుట్టుముట్టిన ఒక గడి) అడుగు ఈనెను కింది నుంచి వచ్చే ఈనె ఒకటి రెండు ముక్కలు చేస్తుంది. పొడుగు ముక్కను పొట్టి ముక్కతో భాగిస్తే వచ్చేదే ఈ ఇండెక్స్. ఇటాలియన్ ఈగలో ఇది రెండుకూ రెండున్నరకూ మధ్య తిరుగుతుంది, పుట్ట తేనెటీగలో తరచూ మూడున్నర దాటుతుంది.

చిక్కంతా ఆ పొట్టి ముక్కతోనే. పుట్ట తేనెటీగలో అది మిల్లీమీటరులో ఏడెనిమిదో వంతు ఉంటుంది. 1200 డీపీఐలో (అంగుళానికి ఇన్ని చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే 6 పిక్సెళ్లు, పొడుగు ముక్క 24 అనుకోండి. ఇండెక్స్ 4. మౌస్ ఒక్క పిక్సెల్ జరిగి 7 అని పడితే 3.4. అదే 2400లో 48ని 13తో భాగించినా 3.7 వస్తుంది, 4800లో ఒక పిక్సెల్ తప్పినా 3.84 దగ్గర ఆగుతుంది. ఇటాలియన్ ఈగలకు 2400 చాలు. మన ఈగకు 4800 ఉంటే మేలు. 600తో కొలవడం దండగ.

ఇక్కడే జిరాక్స్ షాపుల్లోనూ ఇళ్లలోనూ ఉండే ఆల్-ఇన్-వన్ ప్రింటర్లు చాలావరకు వెనకబడతాయి. డబ్బా మీద 9600, 19200 అని ఉన్నా అది సాఫ్ట్‌వేర్ కల్పించి నింపే లెక్క. సెన్సర్ నిజంగా చూడగలిగేది చెప్పే ఆప్టికల్ రిజల్యూషన్ అని రాసిన అంకె ఒక్కటే చూడండి. కెనాన్ లైడ్ వంటి సన్నటి స్కానర్లలో ఉండేది సీఐఎస్ సెన్సర్. అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా పడుతుంది, ఒక మిల్లీమీటరు పైకి లేచినా మసకే. మామూలు గాజు స్లైడు మందమే మిల్లీమీటరు పైచిలుకు కాబట్టి రెక్కను రెండు స్లైడుల మధ్య పెట్టి దీని మీద వేస్తే ఈనెల అంచులు అలుక్కుపోతాయి. మార్గం ఉంది: పైన స్లైడు, కింద కవర్ స్లిప్ (పల్చటి గాజు ముక్క). కవర్ స్లిప్ వైపే అద్దానికి ఆనించాలి.

సీసీడీ అనే మరో రకం సెన్సర్, మూతలో ఫిల్మ్ లైటు ఉన్న స్కానర్ (ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600 లాంటిది) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మరో ఆలోచన వద్దు. వెలుతురు వెనక నుంచి రావడంతో తెల్లటి నేల మీద ఈనెలు నల్లగా తేలతాయి, నీడ పడదు, స్లైడు మందం కూడా అంతగా అడ్డురాదు. ఫిల్మ్ మోడ్‌లో అద్దం పైచివర కాలిబ్రేషన్‌కు (స్కానర్ తన వెలుతురును సరిచూసుకోవడానికి) వదిలే ఖాళీని మాత్రం కప్పకండి, కప్పితే బొమ్మ నిండా నిలువు గీతలే. ప్రివ్యూలో స్లైడు మేరకే ఎంచుకుని గ్రేస్కేల్‌లో తీయండి: 75×25 మిల్లీమీటర్ల స్లైడు 2400లో 17 ఎంబీ లోపే. ఏ4 అద్దమంతా తీస్తే అరజీబీ దాటి కంప్యూటర్ మొరాయిస్తుంది.

ఫోనుకు క్లిప్ మ్యాక్రో లెన్స్ తగిలిస్తే స్పష్టతకు లోటుండదు, ఒక్కోసారి స్కానర్ కంటే బాగుంటుంది కూడా. లోటు నిలకడలో. ఫోను 10 డిగ్రీలు వాలితే ఆ దిక్కు కొలత ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలు వాలితే 6 శాతం కుంచించుకుపోతుంది. ఫ్రేము అంచుల్లో గీతలు వంగుతాయి, కాబట్టి రెక్క నడిమధ్యనే ఉండాలి. రెండో ఫోను తెల్ల తెరను వెనక వెలుగుగా వాడేవాళ్లు మధ్యలో బటర్ పేపర్ వేయకపోతే తెర చుక్కలు ఈనెల మీద గళ్లలా పడతాయి. ముప్పై రెక్కలకు ముప్పై సార్లు ఫోకస్, ప్రతిసారీ స్కేలు వేరు. నిష్పత్తికి స్కేలుతో పని లేదు గానీ రెక్క పొడవు కావాలంటే ప్రతి ఫొటోలో స్కేలు ముక్క ఉండాల్సిందే.

'1000ఎక్స్' అని అమ్మే చవక యూఎస్‌బీ మైక్రోస్కోపు ఈ పనికి కొనకండి. స్టాండు ఊగుతుంది, చుట్టూ ఉన్న ఎల్‌ఈడీల మెరుపు రెక్క మీద పడుతుంది. దగ్గరికి లాగితే క్యూబిటల్ గది నిండుగా కనిపిస్తుంది, కానీ ఈనెలు కలిసే 19 బిందువులు గుర్తించి రెక్క ఆకారం పోల్చే జామెట్రిక్ పద్ధతికి రెక్క మొత్తం ఒకే బొమ్మలో పట్టదు.

ఏ యంత్రమైనా ముందు రూపాయి బిళ్ల పెట్టి చూడండి. బొమ్మల మీద కొలతలు తీసే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా, నిలువుగా వ్యాసం కొలిస్తే రెండూ ఒకటే రావాలి. స్కానర్లలో మోటారు నడిచే దిక్కున కాస్త తేడా వస్తుంటుంది. అందుకే రెక్కలన్నీ ఒకే వైపుకు పరవాలి.

ఈగలను పిల్ల ఉన్న ఫ్రేము మీంచి తీసుకోండి, కుటుంబానికి కనీసం 30 కూలి ఈగలు. గుమ్మం దగ్గర పట్టినవాటిలో పక్క పెట్టె ఈగలు కలుస్తాయి, ముసలివాటి రెక్కల అంచులు చిరిగి ఉంటాయి. ఒకే పెట్టెలో ఈగకూ ఈగకూ ఇండెక్స్ బాగా మారుతుంది, ఒక్క రెక్క చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఫ్రీజర్‌లో చంపిన డబ్బాను బయటకు తీయగానే మూత తెరవకండి. మన డెల్టా ఉక్కలో క్షణంలో తేమ పట్టి రెక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి; గది వేడికి వచ్చేదాకా ఆగండి. కుడి ముందు రెక్కను మొదట్లో పట్టకారుతో పట్టి లాగి, వెనక రెక్క కొక్కేల నుంచి విడదీసి, పుప్పొడి ఉంటే స్పిరిట్‌లో ముంచిన కుంచెతో తుడవండి. పరిచేటప్పుడు ఫ్యాను ఆపాలి. బల్ల మీద వదిలి భోజనానికి వెళ్తే తిరిగొచ్చేసరికి చీమలు పట్టుకుపోతాయి. సెల్లోటేపుతో అంటించినవి ఎండాకాలం జిగురు కారి పాడవుతాయి, దాచుకునేవాటిని స్లైడుల మధ్యే ఉంచి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. లేదంటే వానాకాలం దాటేసరికి బూజు పట్టి ఈనెలు కనిపించవు.